ఆఖరి పేజీ

ప్రొఫెసర్ సలోంగా కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. బల్లమీది అల్లం టీ ఇంకా చల్లారలేదు. అందులో విషం ఉంది.

"జర్నల్ ఎడిటర్‌ని చంపేదెవరు సార్?" అడిగాడు ఏజెంట్ లాంబెర్టో.

చీఫ్ బల్తజార్ తలుపు మూశాడు. "వరి తెగులుకి కారుచౌక విరుగుడు కనిపెట్టి, ఎవరో ఈయనకి వ్యాసం పంపారు. ఆ తెగులు మందు అమ్ముకునే విదేశీ ముఠాకి అది గొంతులో ముల్లు. రాసినవాళ్లు ఆఖరి మాట చెప్పందే వ్యాసం అచ్చుకెక్కదు. అందుకని వాళ్లనే లేపేయాలని చూస్తున్నారు. పేరు ఈయనొక్కడికే తెలుసు. చెప్పకుండానే పోయాడు, మొండిఘటం."

"వ్యాసం సరిచూసే రివ్యూయర్లకి తెలీదా?"

"వాళ్లకి పేరు చెరిపేసే పంపుతారు. రెండో రివ్యూయర్ మన వేగే, డాక్టర్ ఇసబెల్. లాస్ బాన్యోస్ వెళ్లి కలువు."

కాఫీ కొట్లో ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. కొట్టు కొట్టంతా ఆమెనే చూస్తోంది.

"బిబింకా రొట్టె మాడిందా?" అన్నాడు లాంబెర్టో.

"అడుగు మాత్రమే." కోడ్ సరిపోయింది. ఆమె వ్యాసం ముందుకు తోసింది. "నెల్లాళ్లుగా చదువుతున్నా. ఎవరు రాశారో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు."

లాంబెర్టో ఆధారాల జాబితా ఉన్న ఆఖరి పేజీ తిప్పాడు. నవ్వాగలేదు. "మాగ్సినో, మాగ్సినో, మళ్లీ మాగ్సినో! పైన పేరు చెరిపేశారు గానీ, కింద తన పాత వ్యాసాలన్నీ ఏకరువు పెట్టేసింది మహాతల్లి. పెర్పెటువా మాగ్సినో. పక్క వీధిలోనే ఆవిడ ల్యాబు."

అనేశాకే అనుమానం వచ్చింది. ఏ ప్రొఫెసరైనా వ్యాసం చేతికి రాగానే ముందు ఆఖరి పేజీయే చూస్తాడు, అందులో తన పేరుందా అని. ప్రొఫెసరైన లాంబెర్టో భార్యకీ ఆ జబ్బుంది. నెల్లాళ్లు చదివి ఆ పేజీ తిప్పలేదంటే ఈవిడ డాక్టరే కాదు.

తలెత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

పరుగెడుతూనే ఫోన్ చేశాడు. "సార్, ఇసబెల్ ముఠా మనిషి! నోరుజారి పేరు నేనే చెప్పేశా. సలోంగా కంప్యూటర్లోంచి వ్యాసం ఇప్పుడే ఆన్‌లైన్లో అచ్చేసెయ్యండి!"

"రాసినావిడ ఒప్పుకోకుండానా? జర్నల్ నియమం..."

"బతికుంటే తిడుతుంది లెండి!"

ల్యాబులో పిస్తోలు మాగ్సినో కణతకి ఆనుకుని ఉంది. ముసలావిడ కళ్లు మూసుకుని జపమాల పట్టుకుంది.

"అడుగేశావో, పేల్చేస్తా," అంది ఇసబెల్. వేలు బిగుసుకుంది. లాంబెర్టోకి జీవితంలో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

టింగ్‌మంది మాగ్సినో కంప్యూటర్. ఇసబెల్ సంచీలో ఫోన్ కూడా టింగ్‌మంది.

"అచ్చయిపోయింది," అన్నాడు లాంబెర్టో ఆయాసపడుతూ. "ఈపాటికి హనోయ్ నుంచి బోగోర్ దాకా ప్రతి యూనివర్సిటీకీ చేరిపోయింది. ఆ విరుగుడు ఇప్పుడు అందరి సొత్తు. ఇక ఈవిణ్ణి చంపితే నీకు కూలీ ఎవడిస్తాడు?"

పిస్తోలు మెల్లగా కిందికి దిగింది. లాంబెర్టో బేడీలు తీశాడు.

మాగ్సినో కళ్లు తెరిచి, తెర చూసి, భగ్గుమంది. "ఎవడయ్యా దీన్ని అచ్చేసింది? రెండో రివ్యూయర్ తీర్పే రాలేదు!"

బేడీలు బిగిస్తూ లాంబెర్టో అన్నాడు: "ఇప్పుడే వచ్చింది డాక్టర్. తిరస్కరించారు."