చిటికెన వేలి ఎత్తు

మరచెయ్యి కార్డు తీసింది. కాసేపు ఆగి, నీలం పడవను మూడు గళ్లు ముందుకు జరిపింది. ఆ తర్వాత వేళ్లు ముడుచుకుని తన చోటికి వెళ్లిపోయింది.

"చూశారా?" అంది హైమ.

"చూశాను. బాగానే ఆడుతోంది కదండీ," అన్నారు డాక్టర్ పరాంకుశం.

"అదేనండీ నా ఫిర్యాదు. మా షకీలా ఇంత బుద్ధిగా ఆడదు."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంగారకుడి మీద, ఎర్రమట్టి కింద తవ్వి కట్టిన ఆ కాలనీలో ఆటబల్లల్ని తయారుచేసింది ఆయనే. యంత్రం సరిగా పనిచేస్తోందని ఫిర్యాదు రావడం ఆయనకు ఇదే మొదటిసారి.

ఆటబల్ల అంటే పెద్ద మాయేమీ కాదు. బల్లకు అవతలి అంచున మోచేతి దాకా ఒక మరచెయ్యి ఉంటుంది. పైన రబ్బరు చర్మం, లోపల సన్నటి మోటార్లు. భూమి మీద ఇలాంటిదే ఇంకో బల్ల ముందు స్నేహితురాలు సెన్సార్లున్న గ్లవ్ తొడుక్కుని కూర్చుంటుంది. అక్కడ ఆమె వేలు ఎలా కదిలితే ఇక్కడ మరచెయ్యి వేలు అలా కదులుతుంది. హైమ గ్లవ్ తొడుక్కుని ఆడితే అక్కడి మరచెయ్యి కదులుతుంది. కాకపోతే సిగ్నల్ వెలుతురును మించి పరిగెత్తలేదు. రావడానికి పావుగంట, పోవడానికి పావుగంట. ఒక ఎత్తుకీ ఇంకో ఎత్తుకీ మధ్య హైమ కూర తరిగి, పిల్లలిద్దరికీ జడలు వేసేస్తుంది. ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చున్నా ఐదారు ఎత్తులకు మించి సాగవు.

"అంత అవస్థ ఎందుకు? వాయిస్ మెసేజ్ పెట్టుకోవచ్చుగా," అంటారు ఇరుగుపొరుగువాళ్లు. మెసేజ్‌లో ఎవరైనా చెప్పేది ఒక్కటే: మేం బాగున్నాం, మీరు బాగున్నారా? చెయ్యి అలా కాదు. కార్డు తీసేటప్పుడు షకీలా బొటనవేలితో దాని అంచును రెండుసార్లు నిమురుతుంది. ఆ నిమరడం ఏ మెసేజ్‌లో వస్తుంది?

వాళ్లు ఆడే ఆట పేరు 'రేవు'. కార్డులో ఎన్ని గళ్లుంటే అన్ని గళ్లు పడవను నడిపి, అయిదు పడవలనూ ముందుగా రేవుకు చేర్చినవాళ్లు గెలిచినట్టు. విశాఖలో ఒకే ఆఫీసులో పనిచేసే రోజుల్లో, బీచ్ రోడ్డు వెనక సందులో ఉన్న గేమ్స్ కేఫ్‌లో ఇద్దరూ ఆదివారాలు ఆ ఆటకే ఇచ్చేసేవాళ్లు. షకీలాకు ఒక ఎత్తు ఉండేది. ఒక పడవను జరిపి చెయ్యి వెనక్కి తీసుకుంటూ, పక్కనున్న ఇంకో పడవను చిటికెన వేలితో ఒక గడి ముందుకు నెట్టేది. మొహం మాత్రం అల్లం టీ వైపు ఉండేది.

"ఒసేయ్ తొండీ! దొరికావు. చాపు చెయ్యి."

దొరికినవాళ్లు చెయ్యి చాపాలి. పట్టుకున్నవాళ్లు రెండు వేళ్లతో మణికట్టు మీద చెళ్లున కొట్టాలి. అదీ వాళ్ల శిక్ష. షకీలా మణికట్టు సాయంత్రానికి కందిపోయేది. హైమ మాత్రం ఒక్క దెబ్బ కూడా తినలేదు. తొండి ఆడితేగా!

"మీ అమ్మ నువ్వు కడుపులో ఉన్నప్పుడు రూల్స్ బుక్ చదివినట్టుందే," అనేది షకీలా మణికట్టు రుద్దుకుంటూ.

అలాంటి షకీలా కొన్ని నెలలుగా ఒక్క పడవను కూడా నెట్టడం లేదు. ఎందుకు మానేశావని మెసేజ్‌లో అడిగితే, "వయసొచ్చింది కదే, బుద్ధొచ్చింది," అని నవ్వింది. ఆ నవ్వు హైమకు అతికించినట్టు వినిపించింది. ఆటబల్లలో ఇంకో సదుపాయం కూడా ఉంది. మనిషికి తీరిక లేకపోతే, ఆ మనిషి తీరులోనే బల్లే ఆడిపెడుతుంది. షకీలా విసుగొచ్చి ఆటను బల్లకు అప్పగించి వెళ్లిపోయిందేమో! తను ఇన్ని ఆదివారాలుగా మోటార్ల ఎదుట కూర్చుని పొంగిపోతోందేమో!

"అవతల మనిషి ఉందో లేదో చెప్పండి చాలు," అంది హైమ. "లేకపోతే లేదనే చెప్పండి."

పరాంకుశంగారు బల్ల అడుగున చిన్న స్క్రీన్ తగిలించి చాలాసేపు చూశారు.

"గ్లవ్‌లో నాడి కొట్టుకుంటోంది. ఆడుతున్నది మనిషే," అన్నారు. హైమ ఊపిరి పీల్చుకునేలోగా ఆయనే మళ్లీ అన్నారు, "పాత ఆటల్లో తొండి కూడా చేశారండీ. ఒకసారి కాదు, చాలాసార్లు."

"నాకు కనిపించలేదే?"

"ఎలా కనిపిస్తుంది? మీరు రిఫరీ మోడ్ పెట్టించారు కదా. రూల్ తప్పిన కదలికను బల్ల ఇవతలికి రానివ్వదు."

హైమకు గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట పెద్దది లాస్య బడిలో ఎవరితోనో ఆడుతూ చిటికెన వేలితో పావు నెట్టి, "ఇది షకీలా పిన్ని ఎత్తు," అని గర్వంగా చెప్పుకుందట. ఆ మాట విన్నాక హైమకు అన్నం సయించలేదు. ఇక్కడ పదేళ్లు నిండిన పిల్లలు వంతులవారీగా గాలి మీటర్లు చూసి అంకె చెప్పాలి. ఒక్క గీత ఎక్కువ చెప్పినా ప్రాణాల మీదికి వస్తుంది. అమ్మమ్మా తాతయ్యా లేని చోట పిల్లలకు మంచీ చెడూ నేర్పాల్సింది తనొక్కతే. అందుకే ఆ వారమే రిఫరీ మోడ్ పెట్టించింది.

"మరి అక్కడ? ఆమె నెట్టిన పడవ ఏమయ్యేది?"

పరాంకుశంగారు కాస్త తటపటాయించారు. "దాన్ని తిరిగి వెనక్కి పెట్టాలి కదండీ. అక్కడి మరచెయ్యి పెట్టేది."

"అంటే, నా చెయ్యి."

"అవునండీ. ఆవిడ నెట్టిన ప్రతిసారీ, మీ తర్వాతి ఎత్తుకు ముందు మీ చెయ్యి వచ్చి, చప్పుడు లేకుండా పడవను వెనక్కి పెట్టి వెళ్లిపోయేది."

"నేను పెట్టలేదు."

"ఆ సంగతి ఆవిడకెలా తెలుస్తుంది?"

అరుపు లేదు, తిట్టు లేదు, మణికట్టు మీద దెబ్బ లేదు. పరాయివాళ్ల పిల్ల చేసిన తప్పును సర్దినట్టు సర్దేసి వెళ్లే చెయ్యి. కొన్నాళ్లు చూసి షకీలా మానేసింది. నొచ్చుకున్నానని మాట వరసకైనా అనలేదు. బుద్ధొచ్చిందంది.

"రిఫరీ మోడ్ తీసేస్తున్నాను. పిల్లల రక్షణ ఉంచమంటారా?" అని అడిగారు పరాంకుశంగారు.

"ఉంచండి," అంది హైమ, ఆయన ఏమడిగారో సరిగా వినకుండానే.

ఆయన వెళ్లాక మెసేజ్ మొదలుపెట్టింది. "షకీలా, అది నేను కాదే, బల్ల..." చెరిపేసింది. తప్పును యంత్రం మీదికి నెట్టినట్టు తోచింది. ఇంకోలా మొదలుపెట్టి అదీ చెరిపేసింది. ఇలాంటివి తను చెప్తే రూల్స్ బుక్ చదివినట్టే ఉంటాయి.

తన ఎత్తు వేసి ఎదురుచూసింది. బియ్యం కడిగింది, చిన్నది ఊర్మి జడ విప్పి మళ్లీ వేసింది. మరచెయ్యి కదిలింది. బొటనవేలు కార్డు అంచును నిమిరింది. రెండు గళ్లు. పడవ సరిగ్గా రెండు గళ్లే జరిగింది. చిటికెన వేలు ఎక్కడా తగలకుండా ఒద్దికగా పైకి లేచింది.

హైమ గ్లవ్ తొడుక్కుని కార్డు తీసింది. ఒక పడవను నడిపి చెయ్యి వెనక్కి తీసుకుంటూ, పక్కనున్న పసుపు పడవను చిటికెన వేలితో ఒక గడి నెట్టింది. చేతకాని పని కదా, పడవ కాస్త పక్కకి ఒరిగింది.

"అమ్మా!" అంది పక్కనే కూర్చున్న లాస్య. "నీ వేలు తగిలి పసుపు పడవ జరిగిపోయింది."

"తగల్లేదు. జరిపాను."

లాస్య నోరు తెరుచుకుని చూసింది. "తప్పు కదా?"

"తప్పే."

"మరి?"

"గాలి మీటర్ దగ్గర చేస్తే ఎవ్వరం మిగలం తల్లీ. ఇక్కడైతే, పట్టుకోవడానికి అవతల మనిషి ఉంది."

ఆ రోజు అన్నం వార్చడం కూడా మర్చిపోయి బల్ల ముందే కూర్చుంది. చాలాసేపటికి మరచెయ్యి లేచింది. కార్డు జోలికి పోలేదు. తిన్నగా పసుపు పడవ మీదికి వచ్చి ఆగింది. సన్నగా వణికింది. మోటారు లోపమో, నవ్వో! పడవను ఒక గడి వెనక్కి ఈడ్చింది. కానీ తిరిగి తన చోటికి వెళ్లలేదు. రెండు వేళ్లు పైకెత్తి అలాగే నిలబడింది.

హైమ గ్లవ్ లాగేసి, ఆ వేళ్ల కింద మణికట్టు పెట్టింది. పావుగంట కిందట, ఇక్కడ చెయ్యి ఉంటుందో ఉండదో తెలియకుండానే ఎత్తిన వేళ్లవి. ఆమె కళ్లు మూసుకుంది.

వేళ్లు దిగాయి. ఆకు రాలి పడినట్టు తగిలి ఆగిపోయాయి. అదే పిల్లల రక్షణ, చిన్న చేతులకు దెబ్బ తగలకుండా మరచెయ్యి బలాన్ని తగ్గించే ఏర్పాటు. బల్ల కొన్న రోజున హైమే, ఒకటికి రెండుసార్లు సరిచూసి మరీ పెట్టించింది.

"నొప్పి పుట్టిందా అమ్మా?" అంది లాస్య భయంగా.

హైమ మణికట్టును వెలుతురులోకి తిప్పి చూసుకుంది. ఎక్కడా కందలేదు.

"లేదమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "అస్సలు పుట్టలేదు."