ఎర్ర స్లిప్పు

ఉదయం 7.10కి మొదటి పోస్టరు కనిపించింది. 7.40కల్లా పదహారు చోట్ల అదే పోస్టరు. బస్టాండు గోడ, పుస్తకాల షాపు షట్టరు, ఆఖరికి పోలీస్ స్టేషన్ గేటు.

8.05కి ప్రెస్సు ప్రొప్రయిటరు ఫోను చేశాడు. తన బీరువాలోంచి రాతప్రతి పోయిందన్నాడు.

8.30కి ఇన్‌స్పెక్టరు ప్రెస్సులో దిగాడు. మొహం గంటు పెట్టుకునే దిగాడు.

కారణం ఉంది. ‘తోకచుక్క మీద ఇల్లు’ అనే సైన్స్ ఫిక్షన్ నవలిక నెలకో భాగం చొప్పున వస్తోంది. వచ్చిన ఆరు భాగాలనూ ఆయన విడుదలైన రోజే కొన్నాడు. డ్యూటీ దిగి, బూట్లు కూడా విప్పకుండా చదివాడు. ఏడోది ఆఖరిది. రేపు ఉదయం ఎనిమిదింటికి విడుదల. దాని ముగింపు ఈ పోస్టరులో ఉంది.

"హెడ్డూ, చదువు. చివరి వాక్యం మీద బొటనవేలు పెట్టు. అది గానీ నీ నోట్లోంచి ఊడిపడిందా, ట్రాఫిక్‌కి తోలేస్తా."

హెడ్ కానిస్టేబులు వేలు అదిమిపెట్టి చదివాడు.

"ఏడో భాగం కొని మోసపోకండి. ఓడలో అత్త గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత పైలట్..."

"చాలు."

"ముగింపు బాగానే ఉంది సార్..."

"చాలన్నానా!"

విన్న వాక్యాల్లో ఏదో ఇన్‌స్పెక్టరుకు పంటి కింద రాయిలా తగిలింది. ఏమిటో అప్పటికి తేలలేదు.

ప్రొప్రయిటరు గాజు తలుపు గదిలో కూర్చున్నాడు. వెనక స్టీలు బీరువా. తాళం పగల్లేదు.

"తాళంచెవి?"

"ఒకటి నా దగ్గర. ఒకటి ఆ మేకుకి."

"అచ్చయిన పుస్తకాలు?"

"గోదాములో. కట్టల సీళ్లు కూడా ఊడలేదు."

"అంటే ముగింపు బయటికి పొక్కింది రాతప్రతి నుంచే. ఎవరి మీద అనుమానం?"

"అనుమానం ఏంటండీ! ఆవిడే. ప్రూఫ్ రీడరు. నా ఉప్పు తిని ఎదురు ప్రెస్సులో చేరుతోంది. ఆ రచయితా అక్కడికే. ఇద్దరూ కూడబలుక్కుని నా కొంప ముంచారు."

"మీరు చదువుతారా ఈ సిరీస్?"

"భలేవారే! ప్రతి భాగం మొదటి కాపీ నాదే. అక్షరం వదలను."

9.20కి ప్రూఫ్ రీడరు సొరుగు లాగితే, అడుగున రాతప్రతి దొరికింది.

ఆమెకు యాభై దాటాయి. ప్రెస్సులో అందరూ కామా పిన్ని అంటారు. కళ్లద్దాల మీదుగా ఆ కాగితాలను చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"ఇది మీ సొరుగులోకి ఎలా వచ్చింది?"

"పెట్టినవాళ్లని అడగండి."

"చివరిసారి ఎప్పుడు చూశారు దీన్ని?"

"పన్నెండో తారీఖున. ఆ తర్వాత నా చేతికొచ్చినవి ప్రూఫులే."

"పోస్టరులో ఉన్న ముగింపేనా పుస్తకంలో ఉన్నది?"

"చెప్పను."

"మేడమ్, ఇది దొంగతనం కేసు."

"అయితే కావచ్చు. విడుదలయ్యేదాకా పుస్తకంలో ఏముందో చెప్పను, ఏం లేదో కూడా చెప్పను. ఇరవై రెండేళ్లుగా నాకు జీతం ఇచ్చింది ఇందుకే."

"దొంగ అని పేరు పడితే ఏ ప్రెస్సూ మిమ్మల్ని గడప తొక్కనివ్వదు."

"తెలుసు." ఆమె ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

ప్రొప్రయిటరు గది గుమ్మంలోంచి అరిచాడు. "చూశారా పొగరు! పాముకి పాలు పోశాను నేను!"

"అరవకండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నాక్కూడా ఒళ్లు మండుతోంది."

మిగిలింది కంప్యూటర్ ఆపరేటరు. నలభై ఏళ్లవాడు, నోరు ఊరుకోదు.

"పిన్ని తీసిందంటే నా వేళ్లు నరుక్కుంటా సార్."

"నువ్వు తీశావేమో."

"నేనా? ఆ రచయిత చేతిరాత చూస్తేనే నాకు జ్వరం. వంకర నాగలితో దున్నినట్టుంటుంది. మూడో భాగంలో ఒక్క మాట తప్పు చదివి కొట్టినందుకు జనం ఉత్తరాలతో నన్ను ఉతికి ఆరేశారు. పిన్నయితే ఆ సవరణ నా మొహానే అంటించింది. అదిగో."

మానిటరు అంచున వేలెడంత ఎర్ర కాగితం. ఇన్‌స్పెక్టరు వంగి చదివాడు. నిదానంగా లేచాడు.

పంటి కింద రాయి దొరికింది.

11.15కి ముగ్గురినీ ప్రొప్రయిటరు గదిలో నిలబెట్టాడు. రాతప్రతి మొదటి పేజీ మాత్రం తీసి, మిగతాది కవరులో పెట్టించాడు.

"మొదటి వాక్యం పైకి చదవండి. ముందు మీరు. యజమాని కదా."

"ఇదేం తమాషా?"

"చదవండి."

ప్రొప్రయిటరు చిరాగ్గా కాగితం లాక్కున్నాడు. "ఓడ గోడల్లోంచి అత్త గొంతు మళ్లీ వినిపించింది."

ఆపరేటరు కిసుక్కున నవ్వాడు.

"మేడమ్, మీరు."

"ఓడ గోడల్లోంచి అక్క గొంతు మళ్లీ వినిపించింది."

ఇన్‌స్పెక్టరు ఎర్ర స్లిప్పు బల్ల మీద పెట్టాడు. "నాలుగో భాగంలో ప్రతి కాపీకీ, మొదటి పేజీ మీదే అంటించారు దీన్ని. ‘మూడో భాగంలో అత్త అని పడిన చోటల్లా అక్క అని చదువుకోవాలి.’ ఈ రచయిత అక్క రాస్తే అత్తలా ఉంటుంది. ఓడలో మాట్లాడేది పైలట్ చనిపోయిన అక్క. నాలుగు, ఐదు, ఆరు భాగాల నిండా అక్కే. వరసగా చదివినవాడెవడూ అత్త అనడు. తప్పు కొట్టి తిట్లు తిన్నవాడు అనడు. దిద్దినావిడ అసలే అనదు. పోస్టరు రాసినవాడు రాతప్రతి చూశాడు, పుస్తకాలు చూడలేదు. అక్షరం వదలనన్నారే, ఆరు భాగాల్లో ఒక్కటైనా తెరిచారా?"

ప్రొప్రయిటరు మొహం కందగడ్డయింది.

"రచయిత పోతే పోయాడు, ఈవిడ కూడా పోతోంది. మీ పుస్తకం అమ్ముడుపోకపోయినా సరే, వాళ్ల పేరు చెడాలి. తనకో కన్ను పోయినా ఎదుటివాడికి రెండూ పోవాలన్నమాట. హెడ్డూ, తీసుకెళ్లు."

గుమ్మం దగ్గర ప్రొప్రయిటరు వెనక్కి తిరిగాడు. కళ్లల్లో విషం.

"నువ్వూ చదువుతావు కదూ? అయితే విను! పైలట్ చచ్చిపోతాడు! ఆ గొంతు ఆగగానే తలుపు తీసుకుని ఆకాశంలోకి దూకి చస్తాడు! పో, రేపు కొనుక్కో!"



"నేను చెప్పలేదు సార్," అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఆరు నెలలు ఎదురుచూసిన మనిషి.

ఆపరేటరు మళ్లీ నవ్వాడు. "పిన్నీ, మనం మళ్లీ కొట్టిన ఆ చివరి పదకొండు పేజీలు ఈయన..."

"నోర్ముయ్!" అంది కామా పిన్ని.

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. ఆపరేటరును చూశాడు. ఆమెను చూశాడు.

"రచయిత ప్రూఫుల్లో మార్చాడా?"

ఆమె కళ్లద్దాలు సరిచేసుకుంది.

"ఆ పోస్టరు అబద్ధమని పొద్దున్నే ఒక్క మాట అంటే బయటపడిపోయేవారు కదమ్మా!"

కామా పిన్ని ఎర్ర పెన్ను సంచిలో వేసుకుంది. ఆ రోజు మొదటిసారి ఆమె పెదవులు కాస్త కదిలాయి.

"అంటే మీకు సగం ముగింపు చెప్పేసినట్టే కదండీ," అంది. "రేపు ఎనిమిదింటికి షాపు తీస్తారు. తొందరగా వెళ్లండి, లైను పెద్దది."