మూడు నొక్కులు

మధ్యాహ్నం రెండైంది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఎర్రమట్టి మీద వరసగా, నక్షత్రాల సంకేతాలు పట్టే ముప్పై పెద్ద యాంటెన్నాలు. లోపల కంప్యూటర్ల గదిలో ఏసీ హోరు, మాడిన టోస్టు వాసన. చుట్టుపక్కల వంద కిలోమీటర్ల మేర సెల్‌ఫోన్ లేదు, రేడియో లేదు. ఉండకూడదు. ఆకాశం మాట వినాలంటే మనుషులు నోరు మూసుకోవాలి, అదీ అక్కడి కట్టుబాటు.

పని ముగ్గురిది. నక్షత్రాల సంగతి థియా చూస్తుంది. యంత్రాల రిపేరు వెస్‌ది. వచ్చిపడే అంకెల కుప్పలో పనికొచ్చేవి ఏరడం నెరిడా వంతు. మనుషుల గోల, అంటే ఫోన్ల, రేడియోల సంకేతం, తగిలితే పట్టుకునే ప్రోగ్రాం రాసింది ఆవిడే.

జనవరిలో, అక్కడ అది నడివేసవి, వెస్ ఇరవై ఏడో యాంటెన్నా బాగుచెయ్యడానికి వెళ్లాడు. జీపు ఇసుకలో కూరుకుపోయింది. రెండు రోజుల తర్వాత దొరికాడు, నీళ్లు లేక ఎండిపోయి. చేతిలో వాకీటాకీ, కట్టుబాటు తప్పి దాచుకున్నది. "అది ఉండి కూడా పిలవలేదేం? తాగి పడుంటాడు" అని జనం తేల్చేశారు.

పిలిచాడు పాపం. దాని కేక మనుషుల దాకా అందదు, యాంటెన్నాలకి అందుతుందని అతనికి తెలుసు. వాకీటాకీ మీట మీద మూడు నొక్కులు, ఆగి, మళ్లీ మూడు నొక్కులు. తెర మీద గీతలు పడ్డాయి. 'మనుషుల గోల. తుడవనా?' అని ప్రోగ్రాం అడిగింది. "ఈ వెస్‌కి ఎప్పుడు బుద్ధొస్తుందో" అని విసుక్కుని నెరిడా తుడిచేసింది. శవం దొరికాక, తుడిచినట్టున్న ఆనవాలు కూడా తుడిచేసింది. అప్పట్నుంచి అద్దంలో మొహం చూసుకోవాలంటే ఆవిడకి చచ్చేంత సిగ్గు.

"ఏమే, మోరీన్ వచ్చింది. వెస్ భార్య" అంది థియా తలుపు దగ్గర నించుని. "నీతోనే మాట్లాడాలిట. కాస్త ఓపిగ్గా చెప్పు."

మోరీన్ వచ్చి కూచుంది. ఒళ్లో వెస్ టోపీ. డీజిలు వాసన కొడుతోంది.

"ఒక్కటే అడుగుతానమ్మాయ్. మా ఆయన పిలిచాడా? తాగుబోతు చావన్నారు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నా."

నెరిడా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఉద్యోగం పోతే పోయింది, ఇవాళ చెప్పెయ్యాలి.

"పిలిచాడు. నేనే... తుడిచేశాను."

మోరీన్ అలాగే చూస్తోంది. "చెప్పమ్మా."

"పిలిచాడండీ..."

"పెదాలు కదుపుతున్నావు, మాట రాదేం? మంచినీళ్లు తాగు."

"తాగుతాను" అంది నెరిడా గుసగుసగా.

"ఆఁ, తాగు."

నెరిడాకి అర్థమైంది. తాగుతానన్న మాట వినబడింది... పిలిచాడన్న మాట వినబడలేదు. కాగితం మీద అదే మాట రాసి ఇచ్చింది. మోరీన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమీ రాయలేదుగా?"

అక్షరాలు నెరిడాకి కనబడుతూనే ఉన్నాయి. నల్లగా...

వెనక కంప్యూటర్ చిన్నగా మోగింది. తిరిగి చూసింది. 'మనుషుల గోల. తుడిచేశాను.' ఒకటి కాదు, మూడుసార్లు. ప్రతి తుడుపు పక్కనా తుడిచినవాళ్ల పేరు పడుతుంది. ఇన్నేళ్లూ పడింది నెరిడా పేరే.

ఈ మూడింటి పక్కనా వెస్ పేరుంది.

మోరీన్ లేచి టోపీ సర్దుకుంది. "పోన్లే. పిలవలేదన్నమాట."

నెరిడా ఆవిడ చెయ్యి పట్టుకుంది. గొంతు చీరుకుపోయేలా అరిచింది. పిలిచాడు... పిలిచాడు... మోరీన్ ఆ చెయ్యి నెమ్మదిగా నిమిరింది.

"ఏడవకమ్మా. ఇందులో నీ తప్పేముంది?"

తలుపు మూసుకుంది. నెరిడా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని తెర ముందు నించుంది. మాట అనలేదు. ఊపిరి కూడా బిగబట్టింది. మనసులో మాత్రం అదే మాట తిరుగుతోంది.

తెర మీద ఇంకో తుడుపు పడింది. దాని కింద ఇంకోటి.