బోనం మీది చెయ్యి

లారీ యజమాని వకీలు ఫోటో తీసి జడ్జిగారి బల్లమీద పెట్టగానే కృష్ణమ్మ దాన్ని గుర్తుపట్టింది! మొన్నటి ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలనాడు తీసిన ఫోటో అది. నెత్తిన బోనం, నుదుట కుంకుమ, బోనాన్ని పట్టుకున్న కుడిచెయ్యి...

"ఈ చెయ్యి పనిచేయదని నష్టపరిహారం అడుగుతోందండీ! బీడీలు చుట్టలేదట, బోనం మాత్రం మోస్తుందట!" వకీలు నవ్వాడు.

"ఇది నువ్వేనా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"నేనే సార్."

"మరి ఈ చెయ్యి?"

కృష్ణమ్మ తలవంచుకుంది. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. చెప్పకూడదు!

రెండేళ్లకిందట బహదూర్‌పురాలో ఆమె ఎక్కిన రిక్షాను లారీ గుద్దింది. కుడి మణికట్టు నుజ్జయింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన వేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. ఆపరేషన్ చేస్తే కదులుతాయన్నాడు డాక్టరు. హమాలీ పనిచేసే భర్త భిక్షపతికి అంత డబ్బెక్కడిది? ఈ కేసే దిక్కు. ఇంట్లో అత్త మాణిక్యమ్మ పోరు వేరే! "ఛీ, ఎడమచేత్తోని అన్నం తింటవా? ఇంటికి అరిష్టం!" అని కంచం ముందే కసిరేది. కోడలు ఎన్ని ముద్దలు కన్నీళ్లతో మింగిందో... భిక్షపతి విననట్టు గోడవైపు తిరిగేవాడు. అలాంటి మగవాడికి క్షమ లేదు.

కానీ కోడలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మవారికి మొక్కిందీ ఆ మాణిక్యమ్మే. కోడలు బతికి లేస్తే, ఎవరి చెయ్యీ తగలకుండా ఒక్కతే బోనం తెస్తుందని! తీరా ఆ రోజు గుడికి ఇంకా దూరముండగానే కుండ ఒరిగింది. వెనకే నడుస్తున్న మాణిక్యమ్మ చటుక్కున కుడిచెయ్యి చాచి పట్టుకుంది. గుడిదాకా వదల్లేదు. ఆ తొక్కిసలాటలో ఎవరూ గమనించలేదు. ఫోటోలో అత్త చెయ్యే పడింది, మనిషి పడలేదు. కోడలి కుడిచెయ్యి కొంగుకిందే ఉండిపోయింది.

"ఎవ్వరికన్న చెప్తివా, నా పానం మీద ఒట్టు!" అంది అత్త. మొక్కు నిండుగా చెల్లిందని గల్లీ అంతా చాటుకుంది.

"జవాబు లేదండీ," అన్నాడు వకీలు.

"ఉన్నది!" వెనకబల్లమీంచి మాణిక్యమ్మ లేచింది. "జడ్జి సాబ్, ఆ చెయ్యి నాది!"

"కూర్చో ముసలమ్మా! కోడలికోసం అబద్ధాలా?" గద్దించాడు వకీలు.

"అబద్ధం ఇప్పుడు కాదు కొడుకా, అప్పుడు చెప్పిన!" ఆమె ముందుకొచ్చి చెయ్యి బల్లమీద పెట్టింది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని ఫోటో చూశారు. అదే తేలు! కృష్ణమ్మ చెయ్యి చూశారు. మచ్చలే తప్ప పచ్చబొట్టు లేదు.

"నా మొక్కు తప్పింది సార్... నా ఇజ్జత్ కోసం ఈ పిల్ల నోరు మూసుకున్నది. దీని చెయ్యి లారీ తీసింది. నోరు నేను కట్టేసిన!" మాణిక్యమ్మ భోరుమంది. "అత్తమ్మా..." అంటూ కృష్ణమ్మ ఆమెను పట్టుకుంది, పనిచేసే ఆ ఒక్క చేత్తోనే.

ఆపరేషన్ ఖర్చూ, పోయిన కూలీ లారీ యజమానే ఇవ్వాలని నెల తర్వాత తీర్పొచ్చింది. ఆ ఇంటి తీర్పు మాత్రం కోర్టునుంచి వచ్చిన ఆ సాయంత్రమే వచ్చేసింది.

నల్లా దగ్గర పొరుగింటి వరమ్మ ఎత్తిపొడిచింది: "ఏంది మాణిక్యమ్మా, అమ్మవారినే మోసం జేసినవట?"

"చేసిన. ఆ తల్లికి నేను జవాబు చెప్పుకుంట. నీకేం ఫికర్?" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఇంట్లో కృష్ణమ్మ అలవాటుగా గోడవైపు తిరిగి, కొంగుచాటున ఎడమచేత్తో తింటోంది. మాణిక్యమ్మ తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో ముద్ద కలిపింది. సగం మెతుకులు చీరమీదే రాలాయి.

"అత్తమ్మా! అదేంది?"

"ఊకో..." మాణిక్యమ్మ మళ్లీ ముద్ద కలిపింది. మళ్లీ రాలిపోయింది. తడికళ్లతో కోడలివైపు చూసింది.

"రెండేండ్ల సంది గిట్లెట్ల తిన్నవే, బిడ్డా?"