కాళ్లు ఆపి విన్న పేపరు

మూసీకి పెద్ద వరద వచ్చిన నలభయ్యో ఏడు. మా ఇళ్లలో పుట్టుకలకూ పెళ్లిళ్లకూ ఆ వరద నుంచే లెక్క. ఆ ఏడే సువార్త మా దుకాణంలో పేపరు చదవడం మొదలుపెట్టింది.

దుకాణం సికింద్రాబాద్ బజారులో, వాళ్ల నాన్న అబ్రహాం మాస్టరుగారిది. బెజవాడ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. పల్టన్ సిపాయిల యూనిఫారాలు కుట్టించేవారు. కుట్టు మిషన్లు రెండు వరసలు. ఒక వరసకు పెద్ద మహబూబ్ అలీ చాచా, నిజాం సర్కారు పక్షం. రెండో వరసకు సోమయ్య, కాంగ్రెస్ పక్షం. మిషన్ల మీద కుట్టేవాళ్లలో ఎవరికీ చదువు లేదు. అందుకని భోజనాలయ్యాక మాస్టరుగారి అమ్మాయి పేపరు చదివేది.

నాకు మిషన్ లేదు. గుమ్మం పక్కన చాప మీద కూర్చుని చేత్తో కాజాలు కుట్టేవాణ్ణి. నా పేరు పేతురు. మాట తక్కువ.

మొదటి రోజే ఆమె పేపరు మీదుగా నా వంక చూసింది.

"గీయన వింటుండా, నిద్రవోతుండా?"

"వాడంతేనమ్మా! మాట్లాడితే దారం అయిపోతదనుకుంటడు" అన్నాడు సోమయ్య.

"నోటికి సుత కాజా కుట్టుకున్నడేమో. జెర బొత్తం ఇప్పి చూడున్రి."

అందరూ నవ్వారు. సూది నా వేలిలో దిగింది. తలెత్తి చూస్తే ఆమె నవ్వు ఆపుకోవడానికి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు కుట్టిన కాజాలన్నీ విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

సెప్టెంబరులో ఇండియన్ యూనియన్ ఫౌజు వచ్చింది, నిజాం సర్కారు లొంగిపోయింది. చాచా వారం రోజులు ఇల్లు కదల్లేదు. సోమయ్యే వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మిషన్ల ముందు కూర్చున్నారో లేదో, ఇద్దరూ మళ్లీ కొట్లాటకు దిగారు. ఈసారి గొడవ సువార్త మీద.

"బేటీ, మొన్నటిదాంక సర్కార్ పక్కా ఉన్నదని చదివితివి. ఫౌజ్ రాంగనే గదే పేపర్ల యూనియన్‌కు సలాములా? నువ్వే మార్చి చదువుతున్నవ్" అన్నాడు చాచా.

"గట్ల కాదు చాచా. మొన్నటిదాంక మా ముచ్చట మొత్తం మింగింది. గిప్పుడు భయపడి కక్కుతుంది" అన్నాడు సోమయ్య. "పేరు సువార్త, చెప్పేటియి అబద్ధాలు!"

ఆమె పేపరు మడిచి బల్ల మీద పెట్టింది. "ఉన్నదే చదివిన" అని ఒక్కమాట అని ఇంటికి వెళ్లిపోయింది.

మాస్టరుగారికి చదువొచ్చు. కానీ తండ్రి సాక్ష్యం ఎవరికి చెల్లుతుంది? సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకింది. "అబద్ధాలకోరు అనిపించుకున్న పిల్లను ఇక్కడ ఎవరు చేసుకుంటారు?" అన్నారాయన. "బెజవాడ రైళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఎల్లుండి వాళ్ల మేనత్త దగ్గరికి పంపేస్తాను. అక్కడో సంబంధం ఉంది."

చేతిలోని కోటు చాప మీద పెట్టాను. ఆమె ఏమీ మార్చలేదని నాకు తెలుసు. నచ్చిన వార్త వస్తే వీళ్లు హుషారుగా మిషన్ తొక్కుతారు. ఆ మోతలో వార్త సగం మునిగిపోతుంది. నచ్చనిది వస్తే కాళ్లు ఆపి కోపంగా వింటారు. అందుకే ఎవరికి వాళ్లకు ఎదుటి పక్షం వార్తలే పూర్తిగా వినిపిస్తాయి. మిషన్ లేనివాణ్ణి కనుక నాకు అన్నీ వినిపించాయి.

మర్నాడు భోజనాలయ్యాక లేచి నిలబడ్డాను. కాలర్ల నమూనాలు కత్తిరించుకోవడానికి దాచిన పాత పేపర్లలోంచి ఫౌజు రాకముందుది ఒకటి తీశాను. వచ్చాక వచ్చింది ఒకటి తీశాను.

"నేను చదువుతా. అందరూ కాళ్లు మిషన్ల మీదనుంచి తియ్యున్రి" అన్నాను.

"వీడు మాట్లాడుతుండేందిర!" అన్నాడు సోమయ్య. కానీ కాలు తీశాడు.

నేను చదివింది మూడు జమాతులు. ఒత్తు అక్షరం వస్తే ఆగి, కూడబలుక్కుని, మళ్లీ పట్టుకునేవాణ్ణి. చెమటకు చొక్కా తడిసిపోయింది. మాస్టరుగారి సద్ది గిన్నె కోసం వచ్చిన సువార్త గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను ఆపలేదు. పాత పేపరులో సర్కారు ఉక్కులా ఉందనీ, ఎవరూ దిగులుపడొద్దనీ ఉంది. కొత్త పేపరులో యూనియన్ రాక మన అదృష్టమని ఉంది. రెండింటి మీదా పేపరు పేరు ఒకటే, పక్కన బొమ్మ ఒకటే.

చాచా లేచి వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"అరె, పేపరే టోపీ మార్చింది! మనం పోరిని పట్టుకుని పరేషాన్ జేసినం."

"వీడు సుత కల్పిస్తుండేమో?" అన్నాడు సోమయ్య.

"గిట్ల ఒక్కో అక్షరం ఏరుకునేటోడు సొంతంగ ఏం కల్పిస్తడు బై? మాఫ్ చెయ్ బేటీ" అన్నాడు చాచా.

సోమయ్య తల గోక్కుని "తప్పయింది చెల్లే" అన్నాడు.

మాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అయితే మాట మాత్రం మార్చుకోలేదు. "బెజవాడకు, మా చెల్లెలికి కబురు పంపేశాను. రేపు ప్రయాణమే" అన్నారు.

దుకాణం మూసేసరికి వాన పట్టుకుంది. చూరు కింద ఆమె, నేను.

"గింత గొంతు పెట్టుకుని ఇన్నొద్దులు ఎందుకు మాట్లాడలే?"

"మీరు చదువుతుంటిరి గద. వింటున్న."

"వినుడేనా?"

"కాదు."

"మరేంది?"

వాన జల్లు ఆమె గాజుల మీద పడుతోంది. నేను చూరు నుంచి కారే నీళ్ల వంక తిరిగాను.

"రేపు పొద్దున చెప్తా."

"రేపు పొద్దున నేను బండెక్కుత!" అని కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి దిగిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి మారేడ్‌పల్లిలో వాళ్ల గుమ్మం ముందున్నాను. జట్కా వచ్చింది. మాస్టరుగారు ఆమె రేకు పెట్టె తెచ్చి అందులో పెట్టారు. నేను దాన్ని దించి భుజానికెత్తుకున్నాను.

"ఏంట్రా పేతురూ, పెట్టె ఎక్కడికి?"

"లోపలికి, మాస్టరుగారూ."

"బెజవాడలో సంబంధం ఉందిరా!"

"ఈడ సుత ఉన్నది."

ఆయన నన్నూ, తలుపు వెనక ఎర్రబడిన ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. "ఏమ్మా?" అన్నారు.

"నాయనా, బరువున్నది. ఎంతసేపు మోయాలె గాయన?" అంది.

మాస్టరుగారు జట్కావాణ్ణి వెళ్లిపొమ్మన్నారు. నేను గడప దాటి, పెట్టె లోపల దించాను.