తాడుకి అవతలి కొస

పిల్లల బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా గైడు చేతులూపుతూనే నిలబడ్డాడు. ఆ వేసవంతా కుర్రకారుని గుంపులు గుంపులుగా కొండెక్కించడం, దించడం, తప్పిపోయిన బూటు వెతకడం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళని బుజ్జగించడం... అతని గొంతు బొంగురుపోయింది.

"పీడా విరగడైంది బావా," అన్నాడు పక్కనున్న బావమరిది.

"ఎక్కడ? నువ్వింకా ఇక్కడే ఉన్నావుగా," అన్నాడు గైడు.

ఇక మిగిలింది ఒక్క పని. కొండ మీద నున్నటి బండ ఒకటుంది. పిల్లలు పట్టుకుని ఎక్కడానికి వేసవి మొదట్లో దానికి తాడు బిగిస్తారు, పని ముగియగానే విప్పేస్తారు. వదిలేస్తే వానలకి కుళ్ళుతుంది. మరుసటేడు ఎవడో దాన్ని నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

గుంపులకి వంట చేసిపెట్టిన గైడు భార్య బసలో గిన్నెలు తోముతోంది. "వాడసలే దుడుకు. నా తమ్ముణ్ణి మీ చేతుల్లో పెడుతున్నా," అంది. వెళ్ళేటప్పుడల్లా అనే మాటే. గైడు ఎప్పటిలాగే తలూపాడు.

పని ఇలా సాగుతుంది. గైడు బండ పైన కూర్చుంటాడు. బావమరిది కింద తాడు కొస విప్పి, నడుముకి కట్టుకుని, దారిలో తాడుని పట్టి ఉంచే మేకులన్నీ సుత్తితో పీక్కుంటూ పైకొస్తాడు. వాడు ఎక్కేకొద్దీ గైడు తాడు లాక్కోవాలి. మంచు కమ్మితే మాత్రం ఎవరూ నోరు విప్పకూడదు. మంచులో గొంతు ఎటునుంచి వస్తోందో తెలీదు, దాన్ని నమ్మి అడుగేస్తే నేరుగా లోయే. అందుకని తాడుతోనే మాటలు. రెండుసార్లు గుంజితే లాగమని అర్థం. గుంజగానే లాగాలి, ఎవరని అడగకూడదు. చేసీ చేసీ అది గైడు చేతులకి ఎంత అలవాటైందంటే, మనసు ఎక్కడున్నా చేతులు పని చేసుకుపోతాయి.

ఆ రోజు గైడు బండ పైన కూర్చున్న కాసేపటికి, పట్టపగలే మంచు దిగింది. ముందు లోయ పోయింది, తర్వాత బండ పోయింది, చివరికి గైడుకి తన కాళ్ళు కూడా కనబడలేదు. తడి రాతి వాసన. దాని వెనకాల పచ్చి నెత్తురు వాసన. కింద టంగు టంగుమంటున్న సుత్తి చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

తాడు రెండుసార్లు గుంజింది.

గైడు లాగాడు. బరువుగా ఉంది. అక్క వంట తిని బాగానే బలిశాడు వెధవ, అనుకుని నవ్వుకున్నాడు.

వెనకనుంచి బూట్ల చప్పుడు...

"బావా..."

తిరిగి చూశాడు. మంచు కాస్త పలచబడింది. బండని చుట్టి పైకొచ్చే వెనకదారి మీద బావమరిది నిలబడి రొప్పుతున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లాగకు బావా," అన్నాడు గుసగుసగా. "కింద కొస నేను విప్పలేదు. నేను వెళ్ళేసరికే... ఎవరో కట్టుకుని ఉన్నారు."

గైడు తాడు వదిలేద్దామనుకున్నాడు. చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి.

బండ అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళకి గోళ్ళు లేవు. దాని వెనక తల లేచింది. అదీ బావమరిది మొహమే. ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

"బావా... వాడెవడు?"

గైడు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "చిన్నప్పుడు అక్క నిన్నేమని పిలిచేది?"

"బొండం," అన్నారు ఇద్దరూ. ఒక్క గొంతుతో.

ఆ వెంటనే ఒకరి మీద ఒకరు పడ్డారు. మనుషులు కొట్టుకున్నట్టు లేదది. పళ్ళతో పీక్కున్నారు. ఒకడి చెవి ఊడి గైడు ఒళ్ళో పడింది. తాడు గైడు ముంజేతికి చుట్టుకుపోయింది. వాళ్ళు దొర్లుతూ అంచు వైపు పోతున్నారు... గైడునీ ఈడ్చుకుపోతున్నారు... బండకి కొట్టుకుని మోకాలు చిట్లింది... ఇంకొక్క దొర్లు దొర్లితే ముగ్గురూ లోయలోకే.

"కొట్టు బావా!"

"వాణ్ణి కొట్టు!"

పెనుగులాటలో జారిపడ్డ సుత్తిని గైడు ఎత్తాడు. తాడు కట్టుకున్నవాడి నెత్తిన దించాడు. ఎముక పగిలింది. మళ్ళీ దించాడు. మొహం మీద వెచ్చగా చిందింది. దెబ్బలు తింటున్న ఆ మనిషి కళ్ళల్లో కోపం లేదు. అన్నం తింటుంటే కంచం లాగేసినట్టు, ఆశ్చర్యంగా చూశాడు. గైడు కత్తి తీసి తాడు కోశాడు. బండని కొట్టుకుంటూ, కొట్టుకుంటూ, ఆ చప్పుడు అడుక్కి పోయింది.

"చూసొద్దాం," అన్నాడు గైడు.

"వద్దు బావా. ఇంటికి పోదాం."

బస చేరేసరికి పొద్దు వాలింది. తమ్ముడి అవతారం చూసి గైడు భార్య గొల్లుమంది. మీ చేతుల్లో పెడితే ఇలాగేనా తెచ్చేది అని మొగుణ్ణి దులిపేసింది. తమ్ముణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళు కాచి, చెవి ఊడిన చోట గుడ్డతో అద్దుతోంది. ఎలాగోలా ప్రాణాలతో తెచ్చాను కదా, అనుకున్నాడు గైడు.

బయట కంకర మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తోంది. కాస్త ఆగుతోంది... మళ్ళీ ఈడ్చుకుంటోంది... తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

"అక్కా..."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"తలుపు తియ్యవే అక్కా. బావ నన్ను కొట్టాడే."

ఆమె తలుపు వైపు చూసింది. తన రెండు చేతుల మధ్య ఉన్న మొహం వైపు చూసింది. ఆ మొహాన్ని మెల్లగా వదిలేసి, ఒక్కో అడుగే వెనక్కి వేసి, గడియ మీద చెయ్యి పెట్టింది.

స్టూలు మీద కూర్చున్నవాడు తల తిప్పలేదు. కళ్ళు కూడా తెరవలేదు.

"బావా," అన్నాడు నింపాదిగా. "ఈసారి కొట్టడం అక్కతో మొదలుపెట్టు."