లక్క పీరియడ్

పొద్దున తొమ్మిదింటికి ఏటికొప్పాక బడిలో గోడమీది సరితూకం ఆనాటి టైంటేబుల్ వేసింది. ఇరుగుపొరుగు దేశాల బళ్లలో ఏం చెబుతున్నారో విని, ఎవరు ఎందులో వెనకబడ్డారో తూచి, పిల్లలకు పాఠాలు పంచే యంత్రమది. పక్కదేశం కంటే సైన్సు తగ్గితే సైన్సు, లెక్కలు తగ్గితే లెక్కలు పెంచుతుంది. నూకరత్నం తరగతికి మాత్రం మూడేళ్లుగా ఒకటే వేస్తోంది: గణితం, నాలుగు గంటలు.

ఆవిడ గణితం చెప్పిన పాపాన పోలేదు. అంకుడు కర్రతో బొమ్మలు చేయించి, లక్క రంగులు పట్టించే పంతులమ్మ. ఆవిడ "లక్క" అన్నప్పుడల్లా ఆ మొద్దు యంత్రం "లెక్క" అని రాసుకుంటోంది. సంగతి మొదటి వారంలోనే తెలిసినా ఆవిడ నోరు మెదపలేదు. మెదిపితే తరగతి ఎత్తేస్తారు.

ఆ ఉదయమే బల్లమీది మాటమార్పి ఫోను మోగింది. శ్రీలంకలోని మాతలే నుంచి విమలసేన అనే మాస్టారు. ఆయన సింహళం ఇక్కడ తెలుగై వినిపిస్తోంది.

"అమ్మా, మీ పిల్లలు రోజూ నాలుగు గంటలు గణితం చేస్తారట. మీతో సమానం కావాలని నిన్న నా తరగతి మూసి, గణితం వేశారు. ఎలా చెబుతారో కాస్త నేర్పండి."

"మీది ఏం తరగతండి?"

"లక్క పని. గోటితో లక్క తీగలు తీసి కర్రకు చుడతాం."

నూకరత్నం కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. నిజం చెబితే తన ఇరవైమంది పిల్లల చేతుల్లోంచి పని పోతుంది. చెప్పకపోతే ఆయన పిల్లల చేతుల్లోంచి పోయినట్టే.

"ఏటయింది టీచర్, అలా లెగుత్తా కూకుంటా ఉన్నారు?" మొగలాకుతో బొమ్మకు మెరుగు పెడుతూ అడిగింది గౌరీశ్వరి.

"ఏటీ నేదే. నీ పని సూసుకో."

అని, తిన్నగా సరితూకం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇదిగో, సరిగ్గా ఇను. నాను సెప్పేది లెక్క కాదు, లక్క. సెట్టుమీద పురుగు పెట్టే లక్క. ఆ మాస్టారి తరగతి ఆయనకి ఇచ్చెయ్."

యంత్రం కాసేపు తూచుకుంది. "సవరించాం. ఇక్కడ గణితం సున్నా. శ్రీలంక ముందుంది. రేపటి నుంచి మీకు లక్క రద్దు, గణితం నాలుగు గంటలు."

"మరి మాతలేలో?"

"అక్కడ లక్క నిన్ననే తీసేశాం, రేపటి నుంచి మీ దగ్గరా ఉండదు. పక్కన ఎక్కడా లేని కళకు కొత్తగా పీరియడ్ ఇవ్వం. రెండు దేశాలూ సమానం."

మాటమార్పి ఇంకా తెరిచే ఉంది.

"అమ్మా," అన్నాడు అవతలి నుంచి విమలసేన, "మీదీ లక్కేనా?"

"అవునండి," అంది నూకరత్నం. ఏడుపు వచ్చేసింది.